తొమ్మిదో నంబరు నెత్తళ్ళు

ఆ రోజుల్లో బందరులో డిగ్రీ చదివే మాలాంటి వాళ్ళకి సైన్సంటే రికార్డు పుస్తకమే. సీనియర్ల దగ్గర పాత రికార్డు అడిగి తెచ్చుకుని, వాళ్ళ తప్పులతో సహా దించి, పైన బ్రౌను అట్ట వేస్తే సైన్సు అయిపోయినట్టే. పరిశోధన చేసేవాళ్ళు ఎక్కడో వైజాగులోనో హైదరాబాదులోనో తెల్లకోట్లు తొడుక్కుని ఉంటారనీ, వాళ్ళు పొరపాట్లు చెయ్యరనీ, ఒకవేళ చేసినా అవి ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి మనకి తెలియవనీ నేను గట్టిగా నమ్మేదాన్ని. తొంభైల చివర్లో, నేను బీయస్సీ రెండో ఏడులో ఉండగా, ఆ నమ్మకం మీద ఒక సర్క్యులర్ వచ్చి పడింది. డిగ్రీ పిల్లల చేత కూడా పరిశోధన చేయించాలట. ఒక్కో ప్రాజెక్టుకి ఇద్దరు పిల్లలు, ఇద్దరూ వేరు వేరు సబ్జెక్టుల వాళ్ళు. ఆ రెండు సబ్జెక్టుల లెక్చరర్లూ కలిసి దారి చూపించాలి. ఏడాది చివర యూనివర్సిటీ నుంచి ప్రొఫెసరుగారు స్వయంగా వచ్చి చూస్తారు. (ఇందులో ‘కలిసి’ అన్న మాట ఎవరు రాశారో గానీ, ఆయన మా కాలేజీ స్టాఫ్ రూములో ఒక్క పూట కూడా కూర్చుని ఉండరు.)

నాకు దారి చూపించవలసిన వాళ్ళలో ఒకరు కెమిస్ట్రీ చెప్పే పిపెట్టు మేడమ్. ఆవిడ ఎవర్ని కోప్పడినా వేలు చూపించదు, చేతిలో ఉన్న పిపెట్టు చూపిస్తుంది. రెండోవారు తెలుగు చెప్పే సంధి మాస్టారు. సంధుల పాఠం ఆయన చెప్పినట్టు జిల్లాలో ఎవరూ చెప్పలేరని పేరు, కానీ మేడమ్‌తో మాత్రం ఆయనకి ఏనాడూ సంధి కుదరలేదు. నాతో జతపడింది బీయే స్పెషల్ తెలుగు చదివే అమ్మాయి. మంగినపూడి వైపు సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాలెం వాళ్ళది. మాస్టారి టేపురికార్డరు భుజాన వేసుకుని ముసలివాళ్ళ మాటలు రికార్డు చేస్తూ తిరిగేది కాబట్టి కాలేజీ అంతా దాన్ని టేపు అని పిలిచేవాళ్ళు. వాళ్ళమ్మ కోనేరు సెంటర్ దగ్గర ఎండుచేపలు అమ్మేది. “మా ఎండుచేపల మీదే చేద్దామే, సరుక్కి కొదవుండదు” అని టేపు అనడం, పన్నెండు ఇళ్ళ నుంచి వేలెడంత ఎండు నెత్తళ్ళు తెచ్చి వాటిలో ఉప్పెంతో తేమెంతో తేల్చాలని మేడమ్ ఒప్పుకోవడం, ఎండుచేపల మాటలన్నీ పోగుచెయ్యాలని మాస్టారు ఉబలాటపడటం ఒక్క పూటలో జరిగిపోయాయి. తగువు కూడా ఆ పూటే మొదలైంది.

“తేమశాతం అని రాయండి” అంది మేడమ్.

“చెమ్మ అనే చక్కటి మాట ఉండగా తేమశాతం దేనికండీ?” అన్నారు మాస్టారు.

“చెమ్మని ఎలా కొలుస్తామండీ మాస్టారూ?”

“తేమని ఎలా కొలుస్తారో అలాగేనండీ.”

ఇహ నా సంగతి. మాది నందివాడ దగ్గర పల్లె. కాలవలో కొర్రమీను తెలుసు గానీ సముద్రాన్ని నేను బందరు వచ్చాకే చూశాను. మా నాన్న ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, ఆదివారం చర్చిలో సండే స్కూలు కూడా ఆయనదే. అబద్ధమాడకూడదని వారంలో ఆరు రోజులు ఒక చోటా, ఏడో రోజు ఇంకో చోటా చెప్పేవాడు. రెండు చోట్లా ముందు వరసలో కూర్చున్నదాన్ని నేనే. బందరులో పిన్ని వాళ్ళింట్లో ఉండి చదువుకునేదాన్ని.

ఒక శనివారం పొద్దున్నే టేపూ నేనూ ఆటో ఎక్కి పాలెం వెళ్ళాం. ఇళ్ళ ముందు కొందరు ఇసక మీద, కొందరు సిమెంటు గచ్చు మీద, కొందరు వలగుడ్డలు పరిచి నెత్తళ్ళు ఎండబెట్టారు. ఎండకి అవి వెండిరేకుల్లా మెరుస్తున్నాయి. మంచీ చెడ్డా ఏరకుండా కుప్పలోంచి కళ్ళు మూసుకుని తియ్యాలని మేడమ్ నాకు మరీమరీ చెప్పింది. ఆవిడ ఏ ఉద్దేశంతో చెప్పిందో గానీ, నేను మాత్రం ప్రతి ఇంటి ముందూ నిలబడి, నిజంగానే కళ్ళు గట్టిగా మూసుకుని, ప్రార్థన చేస్తున్నట్టు చెయ్యి చాచి గుప్పెడు నెత్తళ్ళు తీశాను. నాలుగో ఇంటికి వచ్చేసరికి నా వెనక చిన్న ఊరేగింపు తయారైంది. “ఈ పిల్లకేదో మొక్కున్నట్టుందే” అని ఒకావిడ జాలిపడింది.

టేపు వాళ్ళమ్మని అందరూ గంపక్క అనేవాళ్ళు, నేను గంపత్త అన్నాను. మనిషి పొట్టి, గొంతు పొడుగు. నా చెయ్యి కుప్పలోకి వెళ్ళకముందే పట్టుకుని, “ఎన్ని కేజీలే అమ్మాయ్?” అంది.

“గుప్పెడు చాలత్తా, పరీక్షకి.”

“చేపకి పరీక్షేంటే? అది చచ్చి మూడ్రోజులైంది.”

తీసుకున్న పన్నెండు గుప్పిళ్ళనీ పన్నెండు పాలిథిన్ కవర్లలో వేసి, రబ్బరు బ్యాండ్లు పెట్టి, ఒక్కోదాని మీదా ఇంటివాళ్ళ పేరూ నంబరూ రాసిన చీటీ జిగురుతో అతికించాను. చీటీలు పెన్సిలుతో రాయాలి, ఇంకు తడిస్తే పోతుందని మేడమ్ పిపెట్టు చూపించి మరీ చెప్పింది. కానీ చేతిరాత పోటీలో నాకు ఆకుపచ్చ ఇంకు పెన్ను బహుమతిగా వచ్చి ఉంది. అంత మంచి పెన్ను ఉండగా మేస్త్రీలా పెన్సిలు పట్టుకోవడం నాకు చిన్నతనంగా తోచింది. ముత్యాల్లాంటి పచ్చటి అక్షరాలతో పన్నెండు చీటీలు రాశాను. అంత అందమైన ఎండుచేపల కవర్లు భూప్రపంచంలో ఉండవనుకున్నాను.

ల్యాబు మళ్ళీ సోమవారం గానీ తెరవరు. అప్పటిదాకా ఆ కవర్లు ఇంట్లో పెట్టాలంటే కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు మామ్మగారితో చిక్కు. ఆవిడ శాకాహారి కావడం ఒక్కటే అయితే ఫరవాలేదు. పైన మా పిన్ని ఉల్లిపాయ కోస్తే కింద నుంచి “ఇవాళ ఏకాదశి కదమ్మా” అనేంత ముక్కు ఆవిడది. అందుకని కవర్లన్నీ ఒక పాత బిస్కెట్ల డబ్బాలో కుక్కి, డాబా మీద నీళ్ళ ట్యాంకు దిమ్మె పక్కన నీడలో పెట్టాను. డబ్బా మూత ఒక వైపు సొట్టపోయి ఉంది. ఆ సంగతి నేను చూశాను. చూసి, ఏమవుతుందిలే అనుకున్నాను.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక పిన్ని మోటారు వేసి, “ట్యాంకు నిండగానే కట్టెయ్యవే” అని చెప్పి స్నానానికి వెళ్ళింది. నేను వారపత్రికలో సీరియల్ చదువుతున్నాను. ఆ వారం నాయికకి మతిమరుపు వచ్చింది. ఆవిడ కథ చదువుతూ నేను కూడా మోటారు సంగతి మర్చిపోయాను. కింద నుంచి మామ్మగారు “వాన పడుతోందేమిటే, ఎండగానే ఉందే!” అని కేకేసినప్పుడు నాకు గుర్తొచ్చి, డాబా మీదకి పరుగెత్తాను. ట్యాంకు పొర్లి, నీళ్ళు నేరుగా డబ్బా మీద పడుతున్నాయి. మూత తీసి చూస్తే లోపల ఒక చిన్న ఆకుపచ్చ చెరువు. చెరువులో పన్నెండు కవర్లు. పైన తేలుతున్న పన్నెండు తెల్లకాగితాలు. అక్షరం అన్నది లేదు. పది కవర్లు రబ్బరు బ్యాండ్ల పుణ్యమా అని బాగానే ఉన్నాయి, రెండింటికి బ్యాండ్లు ఊడి లోపలికి నీళ్ళు పోయాయి.

ఇక్కడ నేను చెయ్యవలసిన పని ఏమిటో చిన్నపిల్లలకి కూడా తెలుసు. సోమవారం వెళ్ళి, “మేడమ్, ఇలా అయింది” అని చెప్పాలి. నాకు భయం వేసింది తడిసినందుకు కాదు, “పెన్సిలు” అన్న మాట ఆవిడ నోట వినవలసి వస్తుందని. అందుకని తడిసిన రెండింటినీ డాబా మీద ఆరబోసి, గొడుగు పట్టుకుని కాకుల్ని తోలుతూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. “ఏమిటే పైన కాకిగోల?” అని మామ్మగారు అడిగితే, “ఒడియాలండీ మామ్మగారూ” అన్నాను. తర్వాత పన్నెండు కవర్లనీ వరసగా పేర్చుకుని, ముఖాలు చూసి మనుషుల్ని గుర్తుపట్టినట్టు నెత్తళ్ళని గుర్తుపట్టడానికి కూర్చున్నాను. నెత్తళ్ళన్నిటిదీ ఒకటే ముఖం. చివరికి తోచినట్టు కొత్త చీటీలు అతికించేశాను. (ఈసారి పెన్సిలుతో రాశాను. బుద్ధి రావడానికి నాకు ఎప్పుడూ ఒక రోజు ఆలస్యం.)

ల్యాబులో మా పని పదిరోజులు సాగింది. కొంచెం చేప తూచి, ఓవెన్‌లో పెట్టి ఎండగట్టి, మళ్ళీ తూచేవాళ్ళం. తగ్గినంతా తేమ. ఉప్పు లెక్కకి సిల్వర్ నైట్రేట్ వాడేవాళ్ళం, దాంతో మా ఇద్దరి వేళ్ళూ నల్లమచ్చలు పడ్డాయి. టేపు ఆ మచ్చలు చూసి మురిసిపోయేది. లెక్కలు తేలాక పట్టిక రాస్తే, అన్నిటికంటే ఎక్కువ తేమ ఉన్నది తొమ్మిదో నంబరు. ఆ చీటీ మీద ఉన్నది గంపత్త పేరు.

టేపు పట్టికని తన వైపు తిప్పుకుంది. “మా అమ్మ చేప అలా ఉండదే” అంది మెల్లగా.

“ఓవెన్ అబద్ధం చెప్తుందా?” అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

మర్నాటి నుంచి టేపు నాతో కలిసి క్యారేజీ విప్పడం మానేసింది. ఎవరి నోట ఎలా పాకిందో గానీ, ఆ వారంలోనే “కాలేజీవాళ్ళు పరీక్ష చేసి గంపక్క చేపలో నీళ్ళున్నాయని తేల్చారంట” అన్న మాట కోనేరు సెంటర్ దాకా వెళ్ళింది. ఏళ్ళ తరబడి ఆవిడ దగ్గర కళ్ళు మూసుకుని కొనేవాళ్ళు గుప్పెడు తీసి వాసన చూడటం మొదలుపెట్టారట. ఇది నాకు చెప్పింది టేపు కాదు, మా పిన్ని. చెప్పి, “పాపం మంచి మనిషేనే” అంది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున పదకొండింటికి, మేడమ్ మాకు పాఠం చెబుతుండగా, ల్యాబు బయట అటెండరు గొంతూ, దాన్ని మించిన ఇంకో గొంతూ వినిపించాయి.

“ఎవరు కావాలమ్మా? గంపతో లోపలికి రాకూడదు.”

“నా చేప ఇక్కడ చదువుకుంటందంట నాయనా. ఎట్టా చదువుతుందో చూసి పోదామని వచ్చా.”

మేడమ్ పిపెట్టు బల్ల మీద పెట్టేసి (అది నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు) లోపలికి రమ్మంది. ఈ సందడికి సంధి మాస్టారు కూడా పక్క క్లాసు వదిలి వచ్చారు. గంపత్త గంప దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, “ఏదమ్మా తొమ్మిదో నంబరు?” అంది. మేము పరీక్షకి వాడగా మిగిలిన చేపలు పన్నెండు సీసాల్లో వరసగా ఉన్నాయి. ఆవిడ తొమ్మిదో సీసాలోంచి ఒక చేప తీసి బొటనవేలితో నొక్కింది. చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. నాలిక చివర ఆనించి చూసింది.

“ఇది నాది కాదు. ఇది ఇసక మీద ఎండింది. నేను గచ్చు మీద తప్ప ఎండెయ్యను” అంది. “ఇంకోటి చెప్పనా మేడంగారూ? ఇది ఎండాక మళ్ళీ తడిసింది. అదీ మంచినీళ్ళతో. ఉప్పు కడుక్కుపోయింది చూడండి, చప్పగా ఉంది.”

తర్వాత వరసగా ఒక్కో సీసా మూత తీస్తూ, “ఇది చివరింటోళ్ళది... ఇది మా ఆడబిడ్డది, ఆమెకి తొందరెక్కువ, ఎండకముందే ఎత్తేస్తది... ఇదిగో, నాది ఇదీ!” అంటూ నాలుగో సీసా పైకెత్తింది.

మేడమ్ ఉప్పు లెక్కల కాగితం తీసింది. పన్నెండింటిలోనూ ఉప్పు బాగా తక్కువగా ఉన్నవి రెండే, అందులో మరీ తక్కువ తొమ్మిదో నంబరు. ఆ సంగతి మాకు అన్నాళ్ళూ కళ్ళెదురుగానే ఉంది గానీ ఎందుకని ఎవరూ అడగలేదు. ఆవిడ తలెత్తి మా వైపు చూసింది. మా నాన్న వారానికి ఏడు రోజుల చొప్పున పదిహేనేళ్ళు చెప్పిన పాఠం అప్పుడు నన్ను లేపి నిలబెట్టింది.

“ట్యాంకు పొర్లింది మేడమ్” అన్నాను. ఆ తర్వాత మిగతాది ఆగలేదు. పచ్చ ఇంకు, డబ్బా మూత సొట్ట, సీరియల్లో నాయిక మతిమరుపు, కాకులు, ఒడియాలు, అన్నీ చెప్పేశాను. మతిమరుపు దగ్గర వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఏడుపులో నాకు అది కూడా వినిపించింది.

మేడమ్ పెన్సిలు మాట ఎత్తలేదు. “పది రోజులు నా పక్కన నిలబడి తూచావు. పది రోజుల్లో ఒక్కసారి చెప్పలేకపోయావా?” అని మాత్రం అంది. గంపత్త నా దగ్గరికి వచ్చి నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. “తడిసిందని చెప్పడానికి నోరు లేదా ఏంటే నీకు? నా కూతురు రెండ్రోజులు అన్నం తిన్లా” అంది. అని, నేను మరీ వెక్కుతుంటే తన కొంగుతోనే నా ముఖం తుడిచింది. ఆ రోజంతా నేను ఎండుచేప వాసన వేశాను. మామ్మగారు ఏమంటుందోనన్న భయం కూడా లేకపోయింది.

మొత్తం మొదటి నుంచి మళ్ళీ చెయ్యాలని తీర్పు వచ్చింది. అప్పుడు గంపత్త ఒక మాట అంది: “మీ పొయ్యి చెప్పేలోపు నేను చెప్తా. ఏది బాగా ఎండింది, ఏది ఎండలా, వరస పెడతా. చూసుకోండి.” మేడమ్ కళ్ళలో ఒక మెరుపు వచ్చింది. సంధి మాస్టారు “ఇది పరిశోధన!” అని బల్ల గుద్దారు. తర్వాత వారం మళ్ళీ పన్నెండిళ్ళ నుంచీ చేపలు తెచ్చాం. పేర్లు లేవు, ఉత్త నంబర్లు, ఆ నంబర్లు కూడా మేడమ్ ఒక్కతే వేసింది. గంపత్త ల్యాబు స్టూలు మీద కూర్చుని, నొక్కీ విరిచీ చెవిలో పెట్టుకుని వినీ, పన్నెండింటినీ వరసలో పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు ఓవెన్ లెక్క తీసి ఆ వరస పక్కన పెట్టుకుంటే, ఒక్క జత ముందువెనకలవడం తప్ప అన్నీ సరిగ్గా ఆవిడ చెప్పినట్టే ఉన్నాయి. ఆ జత గురించి అడిగితే, “నిన్న జలుబుగా ఉందమ్మా” అంది.

టేపు నాతో మాట్లాడటానికి ఇంకో వారం పట్టింది. ఒక మధ్యాహ్నం వచ్చి క్యారేజీ నా పక్కన పెట్టి, “నాకొక్కదానికి చెప్పినా ఇద్దరం కలిసి అబద్ధమాడేవాళ్ళం కదే” అంది. అది దాని బాధ. ఇద్దరం నవ్వడం మొదలుపెట్టి, అన్నం చల్లారేదాకా ఆపలేకపోయాం.

రిపోర్టు తెలుగులో రాయవచ్చని సర్క్యులర్లోనే ఉంది కాబట్టి సంధి మాస్టారు ప్రతి పేజీ దిద్దారు. తేమ, చెమ్మ రెండూ ఉండాలని ఇద్దరి మధ్యా రాజీ కుదిరింది. పొరపాట్ల పేజీలో నేను, ‘మొదటి విడతలో చీటీలు అతికించుటలో పొరపాటు జరిగినది’ అని గంభీరంగా రాశాను. మాస్టారు ‘జరిగినది’ కింద గీత గీసి, పక్కన ‘ఎవరి వల్ల?’ అని రాసి ఇచ్చారు. ఆ కాగితం రెండు రోజులు దగ్గర పెట్టుకున్నాను. మూడో రోజున, ‘ఈ పొరపాటు నేను చేశాను. పది రోజులు దాచాను’ అని మార్చాను.

వైవా రోజున యూనివర్సిటీ ప్రొఫెసరుగారు ఆ పేజీ దగ్గరే ఆగారు. కళ్ళజోడు సర్దుకుని, “రీసెర్చి రిపోర్టులో ‘నేను’ అన్న మాట ఉండకూడదమ్మా” అన్నారు.

“ఉండాలండీ” అన్నారు మేడమూ మాస్టారూ, ఒకేసారి. అని, ఒకరి ముఖం ఒకరు చూసుకుని కంగారుపడ్డారు. ప్రొఫెసరుగారు కూడా కాస్త కంగారుపడి పేజీ తిప్పేశారు. తర్వాత, “ఈ చెవితో విని చెప్పడం అనేదానికి ఆధారమేమిటి?” అని అడిగారు. టేపు టేపురికార్డరు నొక్కింది. నెత్తళ్ళు విరిచిన చప్పుడు, గంపత్త గొంతు: “విన్నావా? టక్కుమంది. చెమ్మ ఉంటే పలకదే.” ఆయన మూడుసార్లు వేయించుకుని విన్నారు. చివరికి రిపోర్టు మూసి, “ఈవిడ ఎక్కడ దొరుకుతారు?” అన్నారు. “కోనేరు సెంటర్ దగ్గరండీ, పొద్దున పదింటిదాకా ఉంటుంది” అంది టేపు. మాకు ఇచ్చింది సెకండ్ గ్రేడే. గంపత్త గ్రేడు మాత్రం బజారులో మళ్ళీ ఫస్టుకి వచ్చింది. కాలేజీ పరీక్షలో తనే నెగ్గానని ఆవిడ చెప్పుకునేది, అందులో అబద్ధమేమీ లేదు.

ఇప్పుడు నేను గుడివాడలో పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. ఎవరైనా రికార్డులో ‘రీడింగు తప్పుగా వచ్చినది’ అని రాస్తే నేను ఎర్ర సిరాతో చేసే హడావుడి చూసి, ఈవిడ పుట్టుకతోనే సత్యవంతురాలని పిల్లలు అనుకుంటారు. మొన్న ఆదివారం పొయ్యి మీద పాలు పెట్టి ఫోను చూస్తూ కూర్చున్నాను. మాడు వాసనకి మా ఆయన వచ్చి “ఏమైంది?” అంటే, తడుముకోకుండా “పాలు పొంగిపోయాయండీ” అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. పంతొమ్మిదేళ్ళ వయసులో ఏడ్చి ఏడ్చి నేర్చుకున్నదాన్ని నలభై దాటిన మనిషి పాల మీదకి ఎంత సులువుగా తోసేసింది! గుడ్డ తీసుకుని పొయ్యి తుడుస్తూ, “అవి పొంగలేదండీ, నేనే పొంగించాను” అన్నాను. ఆయనకి ఏం అర్థమైందో ఏమో, “పోనీలే, పాలు పొంగిస్తే ఇంటికి మంచిదే” అని వెళ్ళి పేపరు చదువుకున్నారు.